రెండో పొయ్యి

సోలాపూర్ మీదుగా వచ్చే ఆ రైలుకు నాంపల్లి ఆఖరి స్టేషను. అహల్య హైదరాబాదు చరిత్ర మొత్తం ఆ ఒక్క ముక్కలో ఉంది. రైలు ఇంకో నాలుగు స్టేషన్లు ముందుకు పోయేదైతే తనూ పోయేది. ఆగింది గనక దిగింది. దిగిన చోటికి నడిచి వెళ్లేంత దూరంలో హాస్టలు చూసుకుంది, నడిచి వెళ్లేంత దూరంలో ఉద్యోగం చూసుకుంది, ఆఖరికి మనసు పారేసుకోవడం కూడా నడిచి వెళ్లేంత దూరంలోనే, ఆబిడ్స్‌లో. "వలసపోయినవాళ్లు సముద్రాలు దాటుతారట. నేను స్టేషన్ రోడ్డు దాటడానికే పదేళ్లు పట్టింది" అని తన మీద తనే జోకు వేసుకుంటుంది. ఆ జోకుకు అందరికంటే ముందు నవ్వేది కూడా తనే.

ఆమె ముత్తాత మగ్గం పని వెతుక్కుంటూ తెలంగాణ నుంచి సోలాపూర్ వెళ్లాడు. అక్కడ నాలుగు తరాలు దుప్పట్లు నేసినా ఊరివాళ్లు వాళ్లను తెలుగువాళ్లనే అన్నారు. అహల్య తిరిగి ఇటు వస్తే, మాట మధ్యలో "అగ్గబాయీ" అంటోందని ఇక్కడివాళ్లు మరాఠీ మేడం అన్నారు. నాలుగు తరాలు చెమటోడ్చి రెండు ఊళ్లలోనూ పరాయివాళ్లు కావడం మాటలు కాదు. అంత ఘనకార్యం చేసిన వంశంలో పుట్టినందుకు అహల్యకు కాస్త గర్వం కూడా ఉంది.

ఊరెందుకు వదిలిందంటే, అదో ప్రహసనం. తల్లి బీడీలు చుడుతూనే కూతురికి సంబంధాలు చూసేది. మొదటి పెళ్లిచూపులయ్యాక "అబ్బాయి ఎట్లున్నడే?" అని అడిగితే, "వాళ్ల చెల్లె బాగుంది" అని టక్కున చెప్పింది. పిల్ల సిగ్గుపడుతోందనుకుని తల్లి నవ్వుకుంది. రెండో సంబంధంలో పెళ్లికొడుకు వదిన బాగుందంది. మూడోసారి తల్లి నవ్వలేదు. అప్పటికే అహల్యకు తన సంగతి తనకు తెలుసు. లెస్బియన్ అనే మాట కూడా తెలుసు, ఎక్కడో చదివింది. చదవడం తప్ప ఇంకేమీ చేతకాని పిల్ల కదా! కానీ బీడీల చాట ముందు కూర్చున్న తల్లికి ఆ సంగతి చెప్పడానికి తెలుగులో నోటికొచ్చే మాట దొరకలేదు, మరాఠీలోనూ దొరకలేదు. అందుకని చెప్పాల్సింది చెప్పకుండా, "హైదరాబాద్ల లైబ్రరీ కోర్సు చదువుత" అని మాత్రం చెప్పి రైలెక్కింది. తల్లికి అర్థమైందో లేదో ఇప్పటికీ తెలియదు. వేరుశనగ చట్నీ పొడి మాత్రం ఏటా పంపుతుంది.

చదువయ్యాక ఆమెకు దొరికిన కొలువు ఆబిడ్స్‌కీ నాంపల్లికీ నడుమ ఒక సందులో ఉన్న పాత పఠనాలయం. అక్కడ పుస్తకాలు బోలెడు, చదివేవాళ్లు తక్కువ. పోటీ పరీక్షల పిల్లలు తమ పుస్తకాలు తామే తెచ్చుకుని, ఫ్యాను కింద కుర్చీ, ఫోనుకు ప్లగ్గు చూసుకుని కూర్చుంటారు. పొద్దున్నే వచ్చే పెద్దమనుషులందరికీ ఒకే పేపరు కావాలి, అదీ ఒకేసారి. అహల్య దాన్ని పేజీలుగా విడదీసి, ఒకరికి జిల్లా వార్తలు, ఒకరికి ఆటలు, ఒకరికి సంపాదకీయం పంచిపెడుతుంది. సంపాదకీయం తీసుకునే సదాశివగారు దాన్ని మొహం మీద కప్పుకుని నిద్రపోతారు. ఆ పేజీ కోసం ఎదురుచూసేవాళ్లు ఆయన గురక ఆగితే చెప్పమని అహల్యను కాపలా పెడతారు. లైబ్రరీ సైన్సులో పట్టా పుచ్చుకుని ఆమె చేస్తున్న అసలు పని ఇది.

అయినా ఆ పనంటే ఆమెకు ప్రాణం. కలరా ఉండల వాసనకు పొద్దున్నే ముక్కు తెరుచుకుంటే గానీ రోజు మొదలైనట్టుండదు. "తప్పు అరలో పెట్టిన పుస్తకం పోయిన పుస్తకమే" అని కాలేజీలో పంతులుగారు చెప్పిన మాట మెదడులో మేకులా దిగిపోయింది. ప్రతిదానికీ ఓ చోటుండాలి, ఆ చోటికో చీటీ ఉండాలి. ఇంట్లో పసుపు డబ్బాకు కూడా నంబరు చీటీ అంటించిన మనిషి నాంపల్లి మొత్తంలో ఆమె ఒక్కతే అయి ఉంటుంది. తనను తను ఏ అరలో పెట్టాలో మాత్రం తేలక, తలుపు పక్కన "ఇతరములు" అనే అర ఉంటుందే, పాత రైల్వే టైంటేబుళ్లూ ఆవకాయ పుస్తకాలూ పడేసే అర, అందులో పెట్టుకుంది.

ముప్పై దాటాక అక్షరాలు అలుక్కుపోవడం మొదలైంది. ఆబిడ్స్‌లో ఒక కళ్లద్దాల దుకాణానికి వెళ్లింది. వంతు వచ్చేదాకా ఊరికే కూర్చోలేక, లేచి వెళ్లి గోడ మీది అక్షరాల పట్టిక మొత్తం దగ్గరినుంచి చదివేసింది. చదివింది మరిచిపోని జబ్బొకటి ఉంది కదా. పరీక్ష కుర్చీలో కూర్చోబెట్టగానే ఆఖరి వరుస దాకా గడగడా ఒప్పజెప్పింది.

"మీ కండ్లకేం కాలే మేడం, మస్తున్నయి" అంది పరీక్ష చేసిన అమ్మాయి.

అహల్య మురిసిపోతూ బయటికి వచ్చి, గుమ్మం ముందున్న మెట్టు కనిపించక బోర్లా పడింది. ఆ అమ్మాయే పరుగున వచ్చి లేపింది. లేపి, మోకాలు చూసి, గోడ మీది పట్టిక చూసి, మళ్లీ అహల్యను చూసింది.

"బట్టీ కొట్టిన్రా?"

"లైబ్రేరియన్ని" అంది అహల్య, అదో సమాధానమైనట్టు.

ఆ అమ్మాయి పేరు స్నేహలత. పాలమూరు దిక్కు పల్లెటూరు నుంచి వచ్చి ఆ దుకాణంలో కుదురుకున్న మనిషి. ఈసారి పట్టిక మార్చి, సరైన అద్దాలే ఇచ్చింది. అయినా అహల్య ముక్కు మీద నొక్కుతోందని ఒకసారి వెళ్లింది, చెవి దగ్గర వదులైందని ఒకసారి వెళ్లింది, ఏ సాకూ దొరక్క ఫ్రేమును తనే కాస్త వంచుకుని మరోసారి వెళ్లింది. స్నేహలత దాన్ని చేతిలోకి తీసుకుని నిట్టూర్చింది. "మేడం, చాయ్ తాగుదామని అడగనీకి రావాలె గానీ, పాపం దీన్నెందుకు వంచుతున్నరు?" అంది. అహల్య మొహం చెవుల దాకా ఎర్రబడింది. పుస్తకాల్లో ఇట్లాంటి ఘట్టాలు వందల కొద్దీ చదివింది గానీ, ఒక్కదాంట్లోనూ హీరోయిన్ ఇంత దద్దమ్మ కాదు.

ఆ చాయ్ సాగి సాగి, స్టేషను వెనక సందులో ఒక పాత ఇంటి పై పోర్షన్ దాకా వచ్చింది. ఇంటి ఓనరుకు దూరపు అక్కచెల్లెళ్లమని చెప్పారు. స్నేహలత వండుతుంది, అహల్య డబ్బాలకు చీటీలు అంటిస్తుంది. అదీ వాళ్ల సంసారం. బయట మాత్రం ఏదో ఒక అబద్ధం నెత్తిన పెట్టుకునే తిరగాలి. పఠనాలయం కార్యదర్శి రామచంద్రమూర్తిగారు ఒకరోజు "మీవారు ఏం చేస్తారమ్మా?" అని అడిగారు. అహల్య గతుక్కుమని, "కళ్లద్దాల దుకాణంలో పని చేస్తారు సార్" అనేసింది. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. అంతే, ఆ మరునాటి నుంచి ఆయన విరిగిన కళ్లజోళ్లన్నీ అహల్య సంచిలోకి చేరాయి. స్నేహలత తిట్టుకుంటూనే బాగుచేసి పంపేది. "మీవారి చెయ్యి బంగారమమ్మా" అనేవారు మూర్తిగారు. "ఔను సార్" అనేది అహల్య, మనస్ఫూర్తిగా.

ఇట్లా కొన్నేళ్లు గడిచాక స్నేహలత అన్న సురేందర్ ఫోను చేశాడు. అతను ఉస్మాన్‌గంజ్‌లో ఓ పప్పుల హోల్‌సేల్ దుకాణంలో గుమస్తా. చెల్లెలు ఎవరితోనో గదిలో ఉంటోందని ఎప్పటినుంచో అతనికి గుర్రు.

"అమ్మకు కంటి ఆపరేషన్ చేపిస్తున్న. మీ వదినకు నెలలు నిండినయి, మా ఇంట్ల జాగ లేదు. వారం దినాలు అమ్మ నీ దగ్గరుంటది. నువ్వెట్లుంటున్నవో చూస్తది. ఆదివారం నేనొస్త. గీడ మంచిగ లేదని అమ్మ అన్నదనుకో, సామాన్ సర్దుకో. ఖైరతాబాద్ల సంబంధం చూసిన. పెండ్లి చేసుకుని మనిషి లెక్క బతుకు."

ఫోను పెట్టేసి వచ్చి స్నేహలత అహల్యకు అంతా చెప్పింది. తండ్రి బిచ్చయ్య ఆమె చిన్నప్పుడే పోయాడు. తల్లి జంగమ్మ కూలికి పోయి, తను పస్తుండి, ఇద్దరు పిల్లలనూ చదివించింది.

"అన్న ఏమన్నా నాకు ఫికర్ లేదు అహల్యా. నాలుగు మాటలంటడు, నేను ఎనిమిదంట. గానీ అమ్మ రా బిడ్డా అంటే, కాదనుడు నాతోని కాదు" అంది ఆఖరికి.

ఇక జంగమ్మ నోట వచ్చే ఒక్క మాట మీద ఈ ఇల్లు ఉంటుంది, లేదా ఊడుతుంది. భయమేస్తే మామూలు మనుషులు దేవుడికి మొక్కుకుంటారు. మన లైబ్రేరియన్ వర్గీకరణ మొదలుపెట్టింది.

ఆమె పథకం ఇదీ. ఈ ఇంట్లో ఉన్నది ఇద్దరు కిరాయిదారులు, అంతే. ఎవరి బతుకు వాళ్లది. ముందు గది స్నేహలత విభాగం, వెనక గది అహల్య విభాగం. చాదర్‌ఘాట్ పోయి ఇంకో మంచం తెచ్చింది. ఇంకో బియ్యం డబ్బా, ఇంకో ఉప్పు డబ్బా, ఇంకో సబ్బు పెట్టె వచ్చాయి. ఫ్రిజ్జులో నడిమి అరకు అడ్డంగా టేపు అంటించింది. అన్నిటికీ మించి, చిన్న సిలిండరు తగిలించిన ఓ ఒంటి పొయ్యి తెచ్చి, వంటింట్లో పాత పొయ్యికి ఎదురు గోడ పక్కన పెట్టింది. అన్నీ సర్దాక నడుం మీద చెయ్యి వేసుకుని చూసుకుంది. ఎవరైనా సరే, చూడగానే నమ్మాల్సిందే!

"గిదేం పిచ్చి అహల్యా?" అంది స్నేహలత. "మా అమ్మకు పొరలొచ్చింది కండ్లకు, తెలివికి కాదు."

"నువ్వు ఊరుకో స్నేహా. వ్యవస్థ అనేది ఒకటుండాలి."

జంగమ్మ నల్లద్దాలు పెట్టుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. సన్నగా, పొడుగ్గా, తక్కువ మాట్లాడే మనిషి. సురేందర్ ఆమెను కూర్చోబెట్టి, ఇల్లంతా ఓ చూపు చూసి వెళ్లిపోయాడు. సాయంత్రం వంట వేళకు జంగమ్మ వంటింటి గడప మీద కూర్చుంది. కూతురు ఒక గోడవైపు, అహల్య ఇంకో గోడవైపు, వీపులు ఎదురెదురుగా పెట్టుకుని వండుతున్నారు.

"గిదేంది, రెండు పొయ్యిలు?" అంది జంగమ్మ.

ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్న అహల్య టకటకా చెప్పింది. "మేము వేరువేరుగా వండుకుంటామమ్మా. ఎవరిది వాళ్లదే. ఒకరి జోలికి ఒకరం పోము."

జంగమ్మ మొహం వాడిపోయింది. అహల్య అది చూసి, నమ్మేసిందని పొంగిపోయింది. ఆ పొంగులో తన కిచిడీ అడుగంటింది.

ఇక్కడో మాట చెప్పుకోవాలి. అహల్యకు వంట రాదు. ఇన్నేళ్లూ స్నేహలత చేతి వంట తిని బతికిన మనిషి, తన అబద్ధం నిలబెట్టుకోవడానికి రోజూ తన పొయ్యి మీద తనే వండుకోవాల్సి వచ్చింది. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. వచ్చింది కిచిడీ ఒక్కటే, అదీ మాడేది. పక్కనే స్నేహలత పొయ్యి మీద పచ్చిపులుసు, చింతచిగురు పప్పు ఘుమఘుమలాడుతుంటే, అహల్య ముక్కు మూసుకుని తన నల్ల మెతుకులు నమిలేది. పాపం జంగమ్మ ఒకరిని నొప్పించకూడదని ఇద్దరి గిన్నెల్లోంచీ పెట్టించుకునేది. స్నేహలత వండిన కూర సగం తన పళ్లెంలోంచి అహల్య పళ్లెంలోకి తోసేది. "ఒక్క చూరు కింద ఉండి ఒకరి కూర ఒకరు తినొద్దా?" అనేది. ఎంత మంచి మనసో అనుకుంది అహల్య. ఆ మంచి మనసు వెనక ఏముందో ఆలోచించే తెలివి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

మరునాడు అహల్య ఉప్పు డబ్బా మాయమైంది. ఇల్లంతా వెతికింది. డబ్బాకు నంబరుంది, అరకు నంబరుంది, డబ్బా మాత్రం లేదు.

"దాన్ని అడుగు, ఇస్తది" అంది జంగమ్మ కూతురి వైపు చూపిస్తూ. "అడిగితే నోట్ల ముత్యాలు రాల్తయా?"

మధ్యాహ్నాలు పఠనాలయం మూసే వేళ అహల్య ఇంటికొచ్చి జంగమ్మ కంట్లో మందు చుక్కలు వేసేది. పుస్తకం బైండింగుకు జిగురు రాసేంత జాగ్రత్తగా రెప్ప పైకెత్తి వేసేది. అట్లా పడుకునే జంగమ్మ ఒకరోజు తన సంగతులు చెప్పింది.

"మా మామ పోయినంక మా ఆయన, ఆయన తమ్ముడు కొట్లాడుకున్నరు బిడ్డా. ఇల్లు ఒక్కటే, వాకిలి ఒక్కటే. నడుమ రెండో పొయ్యి పెట్టిన్రు. ఇగ గంతే. ఒకరి బువ్వ ఒకరికి చేదైంది. సురేందర్ వాళ్ల నాయిన పోయిన నాడు గా తమ్ముడు వాకిట్లనే నిలబడ్డడు. లోపలికి రాలే."

అహల్య వేసిన చుక్క గురి తప్పి చెంప మీద పడింది. ఇంకో చుక్క వేసి, పెద్దావిడ పాత బాధలేవో తలుచుకుంటోందనుకుంది. అన్ని పుస్తకాలు చదివి, పక్కనే పడుకుని మాట్లాడుతున్న మనిషి మాట అర్థం చేసుకోలేకపోయింది.

ఆదివారం వచ్చింది. స్నేహలత ఒక పూట డ్యూటీకి వెళ్లింది, అన్నను తీసుకుని మధ్యాహ్నం వస్తానంది. అహల్యకు ఇంట్లో కాలు నిలవలేదు. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పరిచే పాత పుస్తకాల మధ్య గంటసేపు తిరిగింది. ఒక్క పేరూ కళ్లకు ఆనలేదు. ఉత్త చేతులతో ఇంటికొచ్చి వంటింట్లోకి చూస్తే తన పొయ్యి లేదు. అది ఉన్న చోట బండ తడిబట్టతో తుడిచి ఉంది. గడప పక్కన మూతి కట్టిన గోనె సంచి కనిపించింది. దాని పక్కనే నల్లద్దాలతో జంగమ్మ.

"కూసో" అంది జంగమ్మ. "ఇగ చెప్పు. కొట్లాట ఎందుకైంది?"

"కొట్లాటా? ఎవరికమ్మా?"

"మీ ఇద్దరికి. వచ్చిన కాంచి చూస్తున్న. మంచిగున్నోళ్లు ఎవలన్న ఒక్క ఇంట్ల రెండు పొయ్యిలు పెట్టుకుంటరా? ఉప్పు సుత ఏరుజేసుకున్నరు. బర్ఫ్ పెట్టెల గీత గీసుకున్నరు. తప్పెవలది? నా బిడ్డదా, నీదా? నా బిడ్డదైతే నేను దాని చెవు పిండుత, చెప్పు."

అగ్గబాయీ! అహల్యకు ఒక్కసారిగా అంతా వెలిగింది. తమ ఇద్దరికీ సంబంధం లేదని ఈవిడ అనుకోవాలని తను వారం రోజులు చచ్చీ చెడీ నాటకమాడింది. ఈవిడ మొదటి పూటనుంచీ వీళ్లు ఒకే ఇంటి మనుషులని ఖాయం చేసుకుని, విడిపోయారని కుమిలిపోతోంది. ఆ కూర తోయడం, ఆ ఉప్పు డబ్బా, ఆ తమ్ముడి కథ, అన్నీ ఇద్దరినీ కలపడానికి. ఇన్నేళ్ల నౌకరీలో ఇంత పెద్ద పుస్తకాన్ని ఇంత తప్పు అరలో ఎన్నడూ పెట్టలేదు.

ఇప్పుడేం చెప్పాలి? ముందు నుయ్యి, వెనక గొయ్యి. కొట్లాట నిజమేనంటే, కలవని చోట ఎందుకని తల్లి కూతురిని తీసుకుపోతుంది. కొట్లాట లేదంటే, మరి రెండో పొయ్యి ఎందుకంటుంది. ఇంకో అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మూర్తిగారికి చెప్పినలాంటిది, ఓనరుకు చెప్పినలాంటిది, నున్నగా, తయారుగా. కానీ జంగమ్మ నల్లద్దాలు తీసి కన్ను తుడుచుకుంది. రోజూ తను చుక్కలు వేసిన కన్ను, ఎర్రగా, తడిగా, తన వైపే చూస్తోంది. ఆ కన్నులోకి చూస్తూ అబద్ధం చెప్పడం అహల్య వల్ల కాలేదు.

"కొట్లాట లేదమ్మా" అంది. "ఆ పొయ్యి మీరొస్తున్నారని తెచ్చాను. మాది ఎప్పుడూ ఒక్కటే పొయ్యి."

"మల్ల రెండోదెందుకు?"

"మీకు తెలియొద్దని. తెలిస్తే స్నేహను తీసుకుపోతారని భయమేసింది." ఒకప్పుడు బీడీల చాట ముందు దొరకని మాట ఇప్పుడూ దొరకలేదు. దొరికిన మాటలే చెప్పింది. "మీరూ మీ ఆయనా ఒక్క పొయ్యి మీద ఎట్లా బతికారో, మేమూ అట్లనే బతుకుతున్నాం. స్నేహితుల్లాగా కాదమ్మా. అట్లనే. ఆమె పోతే నేను చావను, అట్లాంటి మాటలు చెప్పను. పొద్దున్నే లైబ్రరీకి పోతాను, పేపర్లు పంచుతాను. సాయంత్రం ఇంటికి ఎందుకు రావాలో మాత్రం తెలియదు."

జంగమ్మ నల్లద్దాలు మళ్లీ పెట్టుకుంది. ఆ అద్దాల వెనక ఏముందో చదవడానికి ఏ పట్టికా లేదు, బట్టీ పట్టడానికి అసలే లేదు. అహల్య తన నోటిని తిట్టుకుంది. అంతలో మెట్ల మీద అడుగుల చప్పుడైంది. సురేందర్ ముందు, వెనక స్నేహలత. తల్లి మొహం, అహల్య మొహం చూసి స్నేహలత గుమ్మం దగ్గరే ఆగిపోయింది. చేతిలో సంచి కూడా కింద పెట్టలేదు.

"ఏందే అమ్మా, కన్ను మంచిగ కనవడుతుందా?" అన్నాడు సురేందర్.

"మస్తు కనవడుతుంది."

"మల్ల చెప్పు. గీడ మంచిగున్నదా, లేదా? లేకుంటే ఇప్పుడే సామాన్ సర్దమని చెప్త."

"మంచిగ లేకుండె" అంది జంగమ్మ.

స్నేహలత కళ్లు మూసుకుంది. అహల్య గోడకు చేరగిలబడింది.

"రెండు పొయ్యిలుండె" అంది జంగమ్మ మళ్లీ, తాపీగా. "నేనొకటి తీసేసిన. ఇగ మంచిగున్నది."

సురేందర్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు. "పొయ్యి ముచ్చట కాదే! పెండ్లి ముచ్చట. ఖైరతాబాద్ పిలగాడు..."

"వానికి ఇంకో పిల్లను చూస్కొమ్మను. దీని బువ్వ గీడ ఉడుకుతుంది. ఉడికే కుండను నడుమల దించుతర్రా ఎవలన్న? మీ నాయిన, మీ చిన్నాయిన ఏరువడ్డ నాటి సంది మన ఇల్లు ఎట్లయిందో నీకు ఎరుకలేదా? ఒక్క పొయ్యిని ఇడదీసే పని నాకు చెప్పకు. నేను జెయ్య."

"అది కాదే అమ్మా..."

"నాకు అన్నీ ఎరుకే" అంది జంగమ్మ. ఆ మాట అన్నప్పుడు ఆమె కొడుకు వైపు చూడలేదు, కూతురి వైపు చూసింది. స్నేహలత సంచి జారిపోయి దానిమ్మకాయలు గదంతా దొర్లాయి. వచ్చి తల్లి మోకాళ్ల మీద తల పెట్టుకుంది. జంగమ్మ ఆమె జుట్టులో వేళ్లు పెట్టి, తలకు నూనె పెట్టలేదా అని కసిరింది.

చాయ్ కూడా తాగకుండా సురేందర్ లేచాడు. జంగమ్మ కూడా లేచింది, ఊళ్లో పనులున్నాయంది. గోనె సంచి వైపు చెయ్యి చూపించింది. "గిది ఆటోల పెట్టు, ఊరికి తీస్కపోత."

"ఏందిది? అబ్బ, ఇంత బరువుంది!"

"పొయ్యి."

"నీకు కట్టెల పొయ్యి ఉన్నది, గ్యాసుది ఉన్నది. గిదెందుకే?"

"నాకెందుకురా? గీడ ఉండొద్దు, గంతే. కండ్ల ముందర ఉంటే ఎన్నడన్న కోపమొచ్చిన నాడు ముట్టియ్యబుద్ధయితది."

గుమ్మం దాటబోతూ జంగమ్మ అహల్య దగ్గర ఆగింది. చెంప మీద చెయ్యి వేస్తుందేమోనని అహల్య కన్నీళ్లతో ఎదురుచూసింది. జంగమ్మ ఆమె భుజం మీద గట్టిగా ఒక్కటి చరిచింది.

"గా ముక్క వచ్చిన నాడే చెప్పొద్దానే పిల్లా? వారం దినాలు నీ మాడిన కిచిడి తిన్న."

చెల్లెలిని తీసుకుపోదామని వచ్చిన సురేందర్, ఎందుకు మోస్తున్నాడో తెలియకుండానే పొయ్యిని భుజానికెత్తుకుని, తల్లి వెనక గొణుక్కుంటూ మెట్లు దిగాడు. ఆటో చప్పుడు సందు దాటేదాకా అహల్య, స్నేహలత కిటికీ దగ్గరే నిలబడ్డారు. తర్వాత అహల్య మోకాళ్ల మీద కూర్చుని ఫ్రిజ్జులో అంటించిన టేపును గోటితో గీకడం మొదలుపెట్టింది. అది రాదు, గట్టి రకం చూసి మరీ తెచ్చింది మరి. స్నేహలత దొర్లిన దానిమ్మకాయలు ఏరుకుని, ముక్కు తుడుచుకుని, పొయ్యి ముట్టించి ఇద్దరికీ బియ్యం కడిగింది.